కలం పట్టకముందు

స్క్రిప్టు మొదలెట్టేముందు ఎంత అనుకోవాలి? సీన్లన్నీ వరసగా వేసుకుని, చివరి తెర ఎక్కడ పడుతుందో తేల్చుకుని అప్పుడు కలం పట్టాలా? లేక మొదటి మాట దొరికితే చాలు, మిగతాది రాస్తుంటే అదే వస్తుందా? ముదినేపల్లిలో తెలుగు మాస్టారుగా పనిచేసి, రిటైరై, పరిషత్తులకి నాటికలు రాసుకుంటున్న నన్ను ఈ ప్రశ్న అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. చేపల చెరువు గట్ల మీద ఫోన్లతో పొట్టి సినిమాలు తీసే కుర్రాళ్లు వాళ్లు. వాళ్లకి నేను సూత్రాలు చెప్పను, చుట్టుపక్కల ఊళ్ల సంగతి చెబుతాను. ఈ ప్రశ్నకి కూచిపూడి ఒక జవాబు చెప్పింది, బందరు ఒకటి చెప్పింది, మన మండలంలోనే ఉన్న పెయ్యేరు మనిషి ఇంకొకటి చెప్పాడు. ఏ ఇద్దరి జవాబూ ఒకటి కాదు. అది ఆయా రచయితల స్వభావాన్ని బట్టి వచ్చిన తేడా అని చాలామంది అనుకుంటారు. నేను అనుకోను. తప్పు జరిగితే ఎవరి డబ్బు పోతుంది అన్నదాన్ని బట్టే ఎంత ముందు ఆలోచించాలన్నది తేలుతూ వచ్చింది.

గుడివాడ దాటి, పామర్రు దగ్గర చల్లపల్లి రోడ్డు పడితే కూచిపూడి. అక్కడి భాగవతులు ఆడిన భామాకలాపం కథ అంతా కలిపి చెప్పాలంటే రెండు నిమిషాలు చాలు. సత్యభామకీ కృష్ణుడికీ అందం దగ్గర మాటామాటా వచ్చింది. ఆయన వెళ్లిపోయాడు. ఆవిడ విరహంతో వేగిపోయి, ఉత్తరం రాసి మాధవి చేతికిచ్చి పంపింది. ఆయన వచ్చాడు. ఇంతే. సిద్ధేంద్రయోగి పేరు మీద నడిచే ఈ కలాపాన్ని రాత్రులకి రాత్రులు ఆడేవారంటే, అంత నిడివి ఎక్కణ్ణుంచి వచ్చింది?

దరువులు, పద్యాలు మాత్రం రాసి ఉన్నవి. రాగతాళాలతో సహా తండ్రి నుంచి కొడుక్కి వచ్చినవి. వాటి మధ్య మాట మాత్రం ఆ రాత్రిది. సూత్రధారుడే మాధవి వేషం కట్టి భామ ఎదురుగా నిలబడతాడు. కృష్ణుణ్ణి తీసుకురావాలంటే నాకేం ఇస్తావని బేరం పెడతాడు. ఈ నగ వద్దంటాడు, ఆ నగ వద్దంటాడు, చివరికి ఆడదానికి ప్రాణంతో సమానమైన ముక్కెర దగ్గరికి తెస్తాడు. ఆ బేరం ఎంతసేపు సాగాలన్నది ఏ తాటాకు మీదా లేదు. జనం నవ్వుతున్నంతసేపు సాగుతుంది. ఆ ఊరి కరణం పిసినారి అయితే ఆ సంగతీ ఆ బేరంలోకి వచ్చి పడుతుంది. కునికిపాట్లు మొదలైతే హాస్యం తగ్గించి దరువు అందుకుంటారు. అంటే ముందు అనుకున్నది గట్టిగా బిగించిన నాలుగు రాటలే, పందిరి ఆ పూట వేసుకున్నదే.

దీన్ని చూపించి "అదుగో, ప్లాను లేకుండా వందల ఏళ్లు నడిచింది" అంటారు కొందరు. అది సగం మాట. వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామగా జడ పట్టుకుని ముందుకొస్తే, ఆయన మగవాడన్న సంగతి జనం మరిచిపోయేవారు. ఆ ప్రవేశం వెనక చిన్నతనం నుంచి చేసిన సాధన ఉంది. ప్లాను కాగితం మీద లేదు, ఒంట్లో ఉంది. పైగా ఒక రాత్రి మాధవి బేరం పేలకపోతే నష్టపోయేదెవరు? ఊరు బియ్యం కొలిచింది, బస ఇచ్చింది. రేపు రాత్రి ఇంకో ఊరు. అదే కూచిపూడి నాట్యం మద్రాసు వెళ్లి, టిక్కెట్టు కొన్న జనం ముందు ఇన్ని గంటల్లో ముగించాల్సి వచ్చేసరికి పద్ధతి మారిపోయింది. వెంపటి చినసత్యం నృత్యనాటకాలకి ఎస్.వి.భుజంగరాయశర్మ మాట రాశారు, పట్రాయని సంగీతరావు బాణీలు కట్టారు. అందులో మాధవి బేరం ఇష్టం వచ్చినంతసేపు సాగడానికి లేదు.

ఇక బందరు. 1880ల్లో ధార్వాడ నాటక కంపెనీలు మన ఊళ్లకొచ్చి హిందుస్తానీ నాటకాలు ఆడి పోయాయి. తెరలు, దీపాలు, పాటలు చూసి మనవాళ్లకి కళ్లు తిరిగాయి. బందరులో వెంటనే ఒక సమాజం లేచింది. దానికి నాటకాలు కావాలి. దివిసీమ మనిషి నాదెళ్ల పురుషోత్తమ కవి ఇరవై ఏళ్లు దాటీ దాటని వయసులో, కొద్ది ఏళ్లలో, 32 హిందుస్తానీ నాటకాలు రాసి ఇచ్చాడు. రాసింది తెలుగు లిపిలో, ఎందుకంటే ఆడేవాళ్లకి వచ్చింది అదే. ఈ సంగతి క్లాసులో చెబితే పిల్లలు నమ్మేవాళ్లు కాదు. కృష్ణాజిల్లా కుర్రాళ్లు తెలుగు అక్షరాల్లో చూసి హిందుస్తానీ మాట్లాడుతుంటే, తెలుగు జనం కూర్చుని చూశారు మరి.

అన్ని నాటకాలు అంత తొందరగా రాసినవాడు ఒక్కో నాటకానికి ఏడాది ఆలోచిస్తూ కూర్చుని ఉండడు. అక్కర్లేదు కూడా. పురాణ కథ జనానికి తెలుసు, ఎక్కడ పాట పడాలో కంపెనీల అలవాటు చెబుతుంది, చివర మంగళం పాడతారు. ప్లాను రెడీగా దొరికితే చెయ్యి వేగంగానే నడుస్తుంది. ఇప్పటి టీవీ సీరియల్ రచయితలకి ఇది నేను విడమరచి చెప్పక్కర్లేదు.

ఆ తర్వాతి తరంలో, తిరుపతి వెంకటకవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వెంకటశాస్త్రిగారు బందరు హిందూ హైస్కూల్లో తెలుగు చెప్పారు. తిరుపతి వెంకటకవుల పాండవ నాటకాలు అవధానాల్లో ఆరితేరిన జంట రాసినవి. పద్యం నోటి వెంట వచ్చేసేంత తేలిక, నాలుకకి అడ్డం పడని మాట. ఆ తేలికే వాటిని బండి తోలేవాడి నోటికి కూడా చేర్చింది. కానీ చిత్రం చూడండి. వాళ్లు వరసగా నాటకాలు రాసిపెడితే, జనం రాయబారాన్ని విడదీసి పట్టుకుపోయారు. ఇంకో నాటకంలో పద్యం తెచ్చి ఇందులో అతికారు. కాంట్రాక్టరు కుదిర్చిన నాటకంలో ఒక్కో ఊరి నుంచి ఒక్కో నటుడు దిగుతాడు. రిహార్సలు లేదు, మేకప్ గదిలోనే ఒకరికొకరు నమస్కారాలు. సింగరాయపాలెం షష్ఠికి ఆడిన కురుక్షేత్రంలో ఒకటో కృష్ణుడు పడక సీను చేసి దిగితే, రాయబారానికి రెండో కృష్ణుడు ఎక్కడం నేను చూసినవాణ్ణే. రెండో ఆయన మొదటాయన కంటే జానెడు పొట్టి. ఎవరూ నోరెత్తలేదు. హార్మోనిస్టు శ్రుతి అందించాడు, ఆయన గొంతెత్తాడు, వన్స్‌మోర్ పడింది. పన్నెండింటికి అవుతుందనుకున్న సీను ఒంటిగంట దాటింది. రచయిత ఎంత అనుకుని రాసినా, వన్స్‌మోర్ పడే చోట లెక్కలు నిలవవు.

రాసేముందే లెక్క చూసుకోవడం మొదట పట్టుకున్నవాడు, నా ఉద్దేశంలో, పింగళి నాగేంద్రరావు. 1901లో పుట్టింది రాజాం వైపే అయినా పెరిగిందీ చదివిందీ బందరే. ఆంధ్ర జాతీయ కళాశాల విద్యార్థి. బెంగాలీ నుంచి డి.ఎల్.రాయ్ నాటకాలు తెలుగు చేశాడు. తర్వాత బందరు ఇండియన్ డ్రమెటిక్ కంపెనీలో రచయితగా, కార్యదర్శిగా కుదిరాడు. ఈ రెండో ఉద్యోగాన్ని సినిమా చరిత్రలు ఒక ముక్కతో దాటేస్తాయి. నాకు మాత్రం అదే ముఖ్యంగా కనిపిస్తుంది. కంపెనీ కార్యదర్శి అంటే ఏ నటుడికి ఎంత ఇవ్వాలి, ఎవరికి గొంతు పోయింది, ఫలానా ఊళ్లో కలెక్షను ఎంత, తెరలు బండికెక్కించడానికి ఎంత, ఇవన్నీ చూసుకోవలసిన మనిషి. పొద్దున ఆ పద్దులు చూసినవాడు రాత్రి నాటకం రాయడానికి కూర్చుంటే, నలుగురితో నడిచే సీనుకి పదిమందిని ఎక్కిస్తాడా? జెబున్నీసా, వింధ్యరాణి, నా రాజు లాంటి నాటకాలు రాసిన చెయ్యి అది. వింధ్యరాణి 1948లో సినిమాగా వచ్చింది.

బందరు నుంచి పింగళికి ముందే మద్రాసు వెళ్లినవాడు ఇంకొకడున్నాడు, కమలాకర కామేశ్వరరావు. కృష్ణాపత్రికలో సినిమా సమీక్షలు రాసినవాడు. ఇతరుల సినిమాలో కథ ఎక్కడ జారిపోయిందో చెప్పడం అలవాటైన మనిషి కథాచర్చలో కూర్చుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. దర్శకుడు కె.వి.రెడ్డి చుట్టూ ఈ బందరు వాళ్లు చేరారు. గుణసుందరి కథ 1949లో, పాతాళభైరవి 1951లో వచ్చాయి.

కె.వి.రెడ్డి తాడిపత్రి మనిషి. చర్చలు ఎన్ని నెలలైనా సాగనిచ్చేవాడు గానీ, స్క్రిప్టు పూర్తయ్యాక ఒక్క మాట మార్చనిచ్చేవాడు కాదు. ప్రతి సీనూ స్టాప్‌వాచ్ పెట్టి చదివించి, నిమిషాలు రాసుకుని, సినిమా మొత్తం ఎన్ని అడుగులు వస్తుందో షూటింగుకి ముందే తేల్చేవాడని ఆయన దగ్గర పనిచేసినవాళ్లు చెబుతూ వచ్చారు. ఇదేదో చాదస్తం అనుకోకండి. 35 ఎం.ఎం. ఫిల్ము నిమిషానికి 90 అడుగులు పరుగెడుతుంది. ముడి ఫిల్ము ఓడల మీద రావాలి. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఏ సినిమా 11,000 అడుగులు దాటకూడదని ప్రభుత్వమే కట్టడి చేసింది. ఆ కరువు చూసిన తరం అది. సెట్టు మీద మాధవి బేరం అరగంట సాగితే 2,700 అడుగులు పోయినట్టే, ఆ డబ్బు నిర్మాతది.

మాయాబజార్ 1957లో వచ్చింది. శశిరేఖ పెళ్లి కథ వ్యాసుడిలో లేదు, మన నాటకాల్లో ఉంది, సురభివాళ్లు ఆడినదే. అప్పటికే సినిమాగానూ వచ్చింది. అందరికీ తెలిసిన కథని పింగళి, కె.వి.రెడ్డి ఎక్కడ కోశారో చూడండి. మూడు గంటల భారత కథలో పాండవులు ఒక్కరంటే ఒక్కరు తెర మీదికి రారు! అభిమన్యుడు వస్తాడు, సుభద్ర వస్తుంది, ఘటోత్కచుడు వస్తాడు, కౌరవులు వస్తారు, ధర్మరాజు భీమార్జునులు మాత్రం ఉండరు. కథ పెళ్లిది. పాండవులు కనిపిస్తే జూదం, వనవాసం, వాళ్ల కష్టాలు ఈ పెళ్లిపందిట్లోకి వచ్చి కూర్చుంటాయి. పైగా అయిదుగురు నటులు. ఎవర్ని ఆపాలన్నది ముందు తేలింది కాబట్టి, రాసేటప్పుడు పింగళికి అసమదీయులూ వీరతాళ్లూ పుట్టించుకునే తీరిక దొరికింది. ముందుగా ప్లాను వేస్తే మాటకి ప్రాణం పోతుందని వాదించేవాళ్లకి నేను ఈ సినిమా ఒక్కటే చూపిస్తాను. అంత బిగించిన స్క్రిప్టులోంచి అంత అల్లరి మాట ఇంకెక్కడా రాలేదు.

దీనికి ఎదురు ఉదాహరణ లేదా అంటే ఉంది. చార్లీ చాప్లిన్ పూర్తి స్క్రిప్టు రాసుకుని తీసిన మొదటి సినిమా 1940 నాటి ది గ్రేట్ డిక్టేటర్. అంతకుముందు ఏళ్లతరబడి సెట్టు మీదే కథ వెతుక్కున్నాడు, కుదరకపోతే మళ్లీ తీశాడు. స్టూడియో ఆయనది, డబ్బు ఆయనది. అడిగేవాడు లేడు. ముదినేపల్లి కుర్రాడికి చాప్లిన్ పద్ధతి చెప్పేముందు ఈ సంగతి కూడా చెప్పాలి.

ఇప్పుడు పెయ్యేరు. మన మండలంలో ఉన్న ఈ ఊళ్లో 1917లో పుట్టిన దుక్కిపాటి మధుసూదనరావు రచయితగా పేరు పెట్టుకోలేదు. గుడివాడలో ఎక్సెల్సియర్ నాటక సమాజం నడిపాడు. పక్క ఊరి నుంచి వచ్చి ఆడవేషాలు వేస్తున్న అక్కినేని నాగేశ్వరరావు అనే కుర్రాణ్ణి చేరదీసి తన నాటకాల్లో వేయించాడు. తర్వాత ఇద్దరూ కలిసి 1951లో అన్నపూర్ణా పిక్చర్స్ పెట్టారు. తనను పెంచిన తల్లి పేరు ఆ సంస్థకి పెట్టుకున్నాడు దుక్కిపాటి. అప్పటికే నాగేశ్వరరావు పెద్ద హీరో. ఇంకొకరైతే ఆరు నెలల్లో సినిమా విడుదల చేసి ఉండేవారు. అన్నపూర్ణ మొదటి సినిమా దొంగరాముడు వచ్చింది 1955లో!

నాలుగేళ్లు ఎందుకు పట్టింది? వాళ్లకి కె.వి.రెడ్డి కావాలి. ఆయన వేరే సంస్థల పనిలో ఉన్నాడు. ఖాళీ అయ్యేదాకా ఆగారు. ఆగి, ఆయన వచ్చాక కూడా కథ దగ్గర డి.వి.నరసరాజుతో కలిసి ముగ్గురూ కూర్చున్నారు. చెల్లెలి కోసం దొంగయిన అన్న కథ అది. పురాణం కాదు కాబట్టి జనానికి ముందు తెలిసిన మలుపు ఒక్కటీ లేదు. ప్రతిదీ కల్పించాలి, ప్రతిదీ నమ్మించాలి. సాంఘికానికి ప్లాను ఎక్కువ కావాలని నేను అనేది ఇందుకే. కృష్ణుడు ఎందుకు వచ్చాడని ఎవరూ అడగరు, రాముడు ఎందుకు దొంగతనం చేశాడంటే మాత్రం జవాబు ఉండాలి.

ఆ తర్వాత దుక్కిపాటి చేసిన పని ఇంకా తెలివైంది. తోడికోడళ్లు శరత్ నవల నుంచి తీసుకున్నాడు. డాక్టర్ చక్రవర్తి కోడూరి కౌసల్యాదేవి చక్రభ్రమణం నుంచి. 1964 సంవత్సరానికి మొదటి నంది ఉత్తమ చిత్రం అదే. విచిత్రబంధం యద్దనపూడి సులోచనారాణి నవల నుంచి. నవల అంటే ఏమిటి? ఇంకొకరు తమ ఖర్చుతో, తమ నిద్రలు మాని వేసిపెట్టిన ప్లాను. పాఠకులు చదివి మెచ్చి, అది నిలబడుతుందని ముందే తేల్చేశారు. మన నవలా చిత్రాల కాలాన్ని మహిళా పాఠకుల కాలం అని రాస్తారు. నిజమే, కానీ నిర్మాత జాగ్రత్త కూడా అందులో సగం ఉంది.

ఇంత జాగ్రత్తపరుడు మాటలు ఎవరి చేత రాయించుకున్నాడో తెలుసా? ఆత్రేయ చేత. తోడికోడళ్లు, మాంగల్యబలం, వెలుగు నీడలు మూడింటికీ ఆయనే. రాసి ప్రేక్షకుల్నీ రాయక నిర్మాతల్నీ ఏడిపిస్తాడని పరిశ్రమంతా చెప్పుకున్న మనిషి. కలం పట్టడానికి అంత తాత్సారం చేసేవాడితో వరసగా సినిమాలు చేయగలిగాడంటే కారణం ఒక్కటే కనిపిస్తుంది నాకు. సీనులో ఏం జరగాలో ముందే తేలిపోయి ఉంది. ఆత్రేయ కోసం ఆగింది మాట ఒక్కటే, కథ కాదు.

గూడవల్లి రామబ్రహ్మంది ఇంకో తోవ. నందమూరు మనిషి. మాలపిల్ల 1938లో, రైతుబిడ్డ 1939లో తీశాడు. అంగలూరు నుంచి వచ్చిన త్రిపురనేని గోపీచంద్ రైతుబిడ్డకి మాటలు రాశాడు. అక్కడ ముందు తేల్చుకున్నది సీన్లు కాదు, ఎవరి పక్షాన నిలబడాలన్నది. ఆ పక్షం జమీందార్లకి కోపం తెప్పించింది, సినిమాని ఆపించడానికి ప్రయత్నాలు జరిగాయి. నాటక శాస్త్రం చెప్పే అయిదు సంధులూ ఉన్నాయి కదా, ముఖం, ప్రతిముఖం, గర్భం, విమర్శ, నిర్వహణం, వాటిని ముప్పై ఏళ్లు పిల్లల చేత వల్లె వేయించాను. రామబ్రహ్మం లాంటివాణ్ణి ఆ అయిదింట్లో ఎక్కడ కూర్చోబెట్టాలో ఇప్పటికీ నాకు తెలియలేదు.

ఇక నా సంగతి. పరిషత్తు నాటిక గంట. గంట దాటితే మార్కులు పోతాయి. నా నోటుబుక్కులో కుడి పేజీ మీద మాటలు, ఎడమ పేజీ ఖాళీ. ముందు నిండేది ఎడమ పేజీ. అక్కడ ఎవరు ఏ వింగులోంచి వస్తారు, ఎవరు పోతారు, వచ్చినవాడికి ఏం కావాలి, ఆ సీనుకి ఎన్ని నిమిషాలు అని ఉంటుంది. రొయ్యల చెరువు లీజు మీద రాసిన నాటికలో లీజుదారు రెండోసారి వచ్చేటప్పుడు చేతిలో ఏముండాలన్నది తేలేదాకా కుడి పేజీలో అక్షరం పెట్టలేదు. అగ్రిమెంటు కాగితమా, ఖాళీ మేత సంచా? మేత సంచీ అని తేలాక అతని మాటలు సగానికి తగ్గిపోయాయి. సంచీ కింద పారేస్తే చాలు, చెరువు పోయిందని వెనక బెంచీవాడికీ తెలిసిపోతుంది. ఎడమ పేజీలో మాటలు మాత్రం ముందు రాసుకోను. మాట ముందే తెలిసిపోతే, నటుడి నోట్లో అది చద్దిదైపోతుంది. ఈ ఒక్క విషయంలో నేను కూచిపూడి వాణ్ణి.

కుర్రాళ్లకి నేను పెట్టే పరీక్ష కూడా చిన్నదే. ముదినేపల్లిలో బస్సెక్కి పక్క సీటాయనకి కథ చెప్పడం మొదలెట్టు. గుడివాడ బస్టాండు వచ్చేలోపు అయిపోవాలి, ఆయన మధ్యలో ఫోను తియ్యకూడదు, చివర "తర్వాతేమైంది" అని అడగకూడదు. ఈ మూడూ కుదిరితే రాయడం మొదలెట్టు, అంతకు మించి ప్లాను వద్దు. కుదరకపోతే తిరుగు బస్సులో ఇంకొకరికి చెప్పు. ఫోను కెమెరాలో ఫిల్ము ఖర్చు లేదు కదా మాస్టారూ, ఎన్నిసార్లయినా తీసుకోవచ్చు కదా అంటారు వాళ్లు. ఫిల్ము ఖర్చు లేదు, నిజమే. పనులు మానుకుని మీ కోసం ఎండలో నిలబడ్డ నలుగురు స్నేహితుల పూట ఖర్చవుతోంది. ఆ లెక్క రాసుకునే కార్యదర్శి మీలో ఎవరో ఒకరు ఉండాలి.

చివరిగా ఒక మనవి. గుడివాడ, బందరు, దివిసీమ ఊళ్లలో నాటకాలు ఆడినవాళ్ల ఇళ్లల్లో అటకల మీద పోర్షన్ పుస్తకాలు, డైరెక్టరు కాపీలు ఇంకా ఉన్నాయి. అచ్చయిన నాటకంలో కనిపించని నిమిషాల లెక్కలు, కొట్టేసిన సీన్లు, మార్చిన రాకపోకలు వాటి అంచుల్లోనే ఉంటాయి. పాత పేపర్లతో కలిపి తూకానికి వేసేయకండి. కనీసం పేజీ పేజీ ఫోనులో ఫొటో తీసి, దగ్గర్లో ఉన్న గ్రంథాలయానికి ఒక కాపీ ఇవ్వండి.